పగ్గం లాగకుండా గుర్రం తిరుగుతుందా?

స్వారీ సందేహాలు

ఈసారి అందిన ఉత్తరాలలో చాలా వాటి సారాంశం ఒక్కటే. గుర్రాన్ని చేతులతో కాకుండా, కూర్చున్న తీరుతోనూ ఒంటి బరువుతోనూ మలుపు తిప్పడం ఎలా అన్నది ఆ ప్రశ్న. అందుచేత ఈ సంచికలో ఆ విషయానికే చోటు కేటాయిస్తున్నాము.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను వారాంతాలలో స్వారీ నేర్చుకుంటున్నాను. నడకలో ఇబ్బంది లేదు గాని, ట్రాట్‌లో (నడక కన్నా వేగమైన చిన్న పరుగులో) కుడివైపు తిరుగుదామని కుడి పగ్గం లాగితే గుర్రం మెడను కుడివైపు వంచి, ఒళ్లు మాత్రం ఎడమ కంచె వెంబడే నడిపించుకుపోతోంది. మా శిక్షకులు “సీటుతో తిప్పండి, చేతులతో కాదు” అంటారు. నేను కుడివైపు బాగా ఒరిగి చూశాను. అప్పుడు ఇంకా మొండికేసింది. సీటుతో తిప్పడమంటే అసలు ఏమి చేయాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ముందుగా గుర్రం మీద ఉన్న మొండితనపు నిందను తొలగించుకుందాము. కుడి పగ్గం లాగి మీరు దాని మూతిని కుడివైపు తెమ్మన్నారు, అది తెచ్చింది. కాళ్లకు మాత్రం ఏ ఆజ్ఞా అందలేదు. గుర్రం మెడలో ఏడు వెన్నుపూసలు ఉంటాయి. తోకను పక్కన పెడితే వెన్ను మొత్తంలో అన్నిటికన్నా తేలికగా పక్కకు వంగేది ఆ మెడే. కాబట్టి మొండెం తిరగకుండానే మెడ ఒక్కటీ తిరగడం గుర్రానికి చాలా సులువు. పైగా మన భుజాన్ని ఛాతీకి కలిపే కాలర్‌బోన్ వంటి ఎముక గుర్రానికి లేదు. ముందు కాళ్ల మధ్య దాని ఛాతీ కేవలం కండరాల ఆధారంతో వేలాడుతూ ఉంటుంది. మెడను కుడివైపు బలంగా లాగినప్పుడు ఆ ఛాతీ ఎడమ భుజం మీదకు ఒరుగుతుంది, బరువు పడిన ఆ భుజం వైపే అడుగులు సాగుతాయి. మీరు కంచె వెంబడి పోయింది అందుకే.

నిలబడి ఉన్న గుర్రం తన బరువులో ఇంచుమించు 60 శాతాన్ని ముందు కాళ్ల మీదే మోస్తుంది. మలుపు తిరగడమంటే ఆ ముందుభాగాన్ని కొత్త దిక్కుకు జరపడమే. రౌతు బరువు అక్కరకు వచ్చేది ఇక్కడ. జీను మీద మనం కూర్చునే చోటు మూపుకు కాస్త వెనుక, గుర్రం గురుత్వ కేంద్రానికి దాదాపు పైన ఉంటుంది. 450 కిలోల గుర్రానికి 60 కిలోల మనిషి పెద్ద బరువు కాకపోవచ్చు, కాని ఆ బరువు దాని సమతూకానికి మూలమైన చోటనే ఉన్నందువల్ల కొద్దిపాటి మార్పు కూడా దానికి తెలుస్తుంది. నెత్తిన నీళ్ల బిందె పెట్టుకుని నడిచే మనిషి, బిందె కాస్త ఒక పక్కకు ఒరగగానే తనకు తెలియకుండానే ఆ పక్కకు అడుగు వేసి బిందె కిందకు వస్తాడు. గుర్రం కూడా అదే విధంగా మన బరువు కిందకు వచ్చి నిలదొక్కుకోవాలని చూస్తుంది. మలుపు కోసం మనం వాడుకునేది ఆ స్వభావాన్నే.

అయితే ఇందులో సహజమైనది ఎంత, నేర్పినది ఎంత అన్న విషయంలో శిక్షకులందరిదీ ఒకే మాట కాదు. నా అభిప్రాయంలో రెండూ ఉన్నాయి. సమతూకం కోసం బరువు కిందకు రావడం సహజం. ఆ కదలికను వెంటనే, ప్రశాంతంగా, ఇతర కారణాలతో కలగాపులగం చేసుకోకుండా చేయడం మాత్రం శిక్షణ వల్ల వస్తుంది. శిక్షణ లేని గుర్రం బరువు మారినప్పుడు తడబడవచ్చు, ఆగవచ్చు, ఒక్కోసారి ఆ ఒత్తిడి నుంచి తప్పుకుని రెండవ వైపుకు కూడా పోవచ్చు. బరువు మార్చగానే తిరగలేదని గుర్రాన్ని తప్పుపట్టకూడదని చెప్పడం అందుకే.

ఇక మీరు చేయవలసినది. ముందుగా ఇంట్లో గట్టి కుర్చీ మీద, అరచేతులు కింద పెట్టుకుని కూర్చోండి. కటి ఎముక అడుగున రెండు గుండ్రని బుడిపెలు చేతులకు తగులుతాయి. సీటు అని మీ శిక్షకులు చెప్పేదానిలో ప్రధానమైనవి ఆ రెండే. ఇప్పుడు నడుము ఎక్కడా ముడుచుకోకుండా కుడి బుడిపెను మాత్రం కాస్త బరువెక్కించండి. తరువాత, మీరు గుర్రం మీద చేసినట్టు కుడివైపు ఒరిగి చూడండి. ఒరిగిన క్షణంలో కుడి పక్కటెముకలు నడుము మీదకు దిగిపోతాయి, కటి ఎడమవైపు జారుతుంది, బరువంతా ఎడమ బుడిపె మీద పడుతుంది. మీ తల కుడివైపు పోయింది, మీ బరువు మాత్రం ఎడమవైపు చేరింది. గుర్రం తలను చూడదు, దానికి తెలిసేది బరువే. మీరు ఒరిగినప్పుడు అది ఎక్కువగా ఎడమకు పోవడానికి కారణం ఇదే. నేర్చుకునేవారిలో నేను తరచుగా గమనించే లోపం కూడా ఇదే.

సరైన పద్ధతిలో ఒరగడం ఉండదు. కుడివైపు తిరగాలంటే ముందుగా మీరు చేరవలసిన చోటును చూడండి, ఆ చూపుతో పాటు బొడ్డు కూడా అటు తిరగనివ్వండి. కుడి భుజం కొంచెం వెనక్కు, ఎడమ భుజం కొంచెం ముందుకు వచ్చి, మీ భుజాల గీత గుర్రం భుజాల గీతతో సమాంతరంగా ఉండాలి. అదే సమయంలో కుడి కాలు పొడవుగా, మడమ కిందకు దిగి, జీను బిగించే పట్టీ దగ్గర ఆనుకుని ఉండాలి. కాలు పొడవైతే కుడి బుడిపె తానుగా బరువెక్కుతుంది. ఎడమ కాలు ఒక బెత్తెడు వెనక్కు పోయి, గుర్రం పిరుదులు బయటకు జారిపోకుండా కాపలా కాస్తుంది. ఎడమ తొడ జీనుకు ఆనుకుని గుర్రం ఎడమ భుజాన్ని లోపలికి తెస్తుంది. ఎడమ పగ్గాన్ని వదిలివేయకండి, ఎడమ భుజం బయటకు పొంగకుండా ఆపేది అదే. ఇవన్నీ జరిగాక కుడి పగ్గానికి మిగిలే పని, గుర్రం కుడి కన్ను కొస మీకు కనిపించేంత వరకు వేళ్లను మృదువుగా మూయడం.

వేళ కూడా ముఖ్యమే. నడకలో గుర్రం కుడి వెనుక కాలు గాలిలో ముందుకు వస్తున్నప్పుడు దాని డొక్క ఎడమవైపు ఊగుతుంది, మీ కుడి తుంటి కిందకు, ముందుకు దిగినట్టు అనిపిస్తుంది. గుర్రమే మీ తుంటిని దించుతున్న ఆ క్షణంలో మీరు దానిని ఇంకొక్క లిప్తపాటు అలాగే ఉండనివ్వాలి. ఆ వెనుక కాలు నేల తాకబోయే సమయానికి కుడి ముందు కాలు లేస్తుంది కాబట్టి, దానిని కుడివైపు వేయడానికి గుర్రానికి సరైన అవకాశం కూడా అప్పుడే. ట్రాట్‌లో లేస్తూ కూర్చుంటూ స్వారీ చేసేటప్పుడు కంచె వైపు ఉన్న భుజం ముందుకు పోతుంటే లేవాలి, వెనక్కు వస్తుంటే కూర్చోవాలి. అప్పుడు మీరు కూర్చున్న ప్రతిసారీ మలుపు లోపలివైపు వెనుక కాలు నేల మీద ఉంటుంది. ఈ లెక్క తప్పితే మలుపు కష్టమవుతుంది. మీ విషయంలో దీనిని కూడా శిక్షకులతో సరిచూసుకోండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని, గుర్రం ఎక్కిన అనుభవం లేదు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో మనవారు డ్రెసాజ్ (గుర్రం చేత కచ్చితమైన కదలికలు చేయించే పోటీ) స్వర్ణం గెలిచిన పోటీని టీవీలో చూశాను. రౌతులు ఏమీ చేయనట్టే కూర్చున్నారు, గుర్రాలు మాత్రం ఉన్నచోటే తిరిగిపోయాయి. అది కంఠస్థం చేయించిన విద్యా, లేక అప్పటికప్పుడు ఇచ్చిన సూచనా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: అప్పటికప్పుడు ఇచ్చిన సూచనే. ఏ కదలిక తరువాత ఏది వస్తుందో రౌతు కంఠస్థం చేస్తాడు. గుర్రం తానుగా ముందే ఊహించి చేస్తే అది లోపం కింద లెక్క. పోటీలో నోటితో పిలవడం, అదిలించడం కూడా నిషిద్ధం, చేస్తే మార్కులు పోతాయి. కాబట్టి వారి మధ్య జరిగే సంభాషణ అంతా సీటు, కాలు, పగ్గం ద్వారానే జరగాలి. మీరు చూసిన, ఉన్నచోటే తిరగడాన్ని పిరౌట్ అంటారు. క్యాంటర్‌లో (ట్రాట్ కన్నా వేగమైన పరుగులో) గుర్రం తన వెనుక కాళ్లను చాలా చిన్న వలయంలో వేస్తూ ముందుభాగాన్ని చుట్టూ తిప్పుతుంది. సగం పిరౌట్ అయితే మూడు నాలుగు అంగలలో ముగుస్తుంది. ఆ కొద్ది అంగలలో రౌతు లోపలివైపు బుడిపె మీద నిటారుగా కూర్చుని, ప్రతి అంగలోనూ తన మొండేన్ని గుర్రంతో పాటే తిప్పుతూ ఉంటాడు. పగ్గంతో లాగి అదే మలుపు తిప్పబోతే వెనుక కాళ్లు బయటకు జారి, క్యాంటర్ తెగిపోతుంది. దూరం నుంచి చూసేవారికి ఏమీ చేయనట్టు కనిపించడమే ఆ విద్యలో కష్టమైన భాగం, మన జట్టులోని నలుగురు యువ రౌతులు దాని కోసం ఏళ్ల తరబడి శ్రమించారు. 1982 ఢిల్లీ క్రీడల తరువాత గుర్రపు స్వారీలో మనకు మళ్లీ స్వర్ణం రావడానికి 41 ఏళ్లు పట్టింది.

ప్రశ్న: పందేల నుంచి విరమించిన గుర్రాన్ని ఒకదానిని తీసుకున్నాను. మీరు ఇదివరకు రాసినట్టు లోపలివైపు బరువు పెడితే తిరగడానికి బదులు వేగం పెంచుతోంది. పగ్గం పట్టి ఆపబోతే ఇంకా జోరు చేస్తుంది. దీనికి సీటు భాష నేర్పడం సాధ్యమేనా? (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: సాధ్యమే, కాని దాని గతాన్ని అర్థం చేసుకున్న తరువాతే. జాకీ చాలా పొట్టి రికాబులతో (జీనుకు వేలాడే, పాదాలు పెట్టుకునే కడియాలతో), జీను నుంచి పైకి లేచి, గుర్రం మూపు మీద వంగి స్వారీ చేస్తాడు. వేగంగా పరుగెత్తేటప్పుడు ఆ గుర్రానికి వీపు మీద మనిషి కూర్చున్న బరువే ఉండదు, డొక్కలకు పొడవైన కాళ్లు తగలవు. పగ్గం బిగుతుగా ఉంటే దాని మీద ఆనుకుని పరుగెత్తడం దానికి అలవాటైన సంగతి. ఇప్పుడు మీరు వీపు మీద పూర్తిగా కూర్చుని, కాలు చుట్టి, పగ్గం బిగిస్తే అది తనకు తెలిసిన ఒకే ఒక్క అర్థాన్ని వెతుక్కుంటుంది. అందులో దాని తప్పు లేదు.

మొదట నేల మీది నుంచి మొదలుపెట్టండి. తలకట్టు తాడుతో నడిపిస్తూ, మీరు తిరిగినప్పుడు అది కూడా మీ పక్కనే తిరిగేలా, మీ చేతి వేలు భుజానికి తగలగానే ఆ భుజాన్ని అవతలకు జరిపేలా కొన్నాళ్లు సాధన చేయించండి. ఆ తరువాత ఎక్కి, నడకలో మాత్రమే, ఒక క్రమాన్ని ఎప్పుడూ తప్పకుండా పాటించండి. ముందు చూపూ బరువూ మారాలి. ఒక అడుగు పట్టేంత సేపు ఆగాలి. అప్పటికీ జవాబు లేకపోతే బయటివైపు కాలు, అప్పటికీ లేకపోతే లోపలి పగ్గాన్ని పక్కకు తెరిచి దారి చూపడం, అంతే గాని వెనక్కు లాగడం కూడదు. ఒక్క అడుగు సరైన దిక్కుకు పడగానే అన్నిటినీ సడలించి, మధ్యస్థంగా కూర్చోండి. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి పోయిన క్షణంలోనే కాబట్టి, ఆ సడలింపు ఆలస్యమైతే పాఠం పోయినట్టే. క్రమం మారకుండా ఉంటే కొన్నాళ్లకు బరువు మారగానే తరువాత ఏమి రాబోతున్నదో అది గ్రహించి, ముందుగానే తిరగడం మొదలుపెడుతుంది. సాధనను ఇరవై నిమిషాలకు మించనివ్వకండి, మధ్యలో పగ్గాలు వదులుచేసి మెడ చాచుకోనివ్వండి.

మరొక మాట కూడా చెప్పాలి. కూర్చోగానే ఉరికే గుర్రానికి వీపు నొప్పి ఉన్నదేమో చూడకుండా శిక్షణ మొదలుపెట్టడం అన్యాయం. వెన్నుకు ఇరువైపులా వేళ్లతో నెమ్మదిగా ఒత్తుకుంటూ పోతే ఎక్కడ ఉలిక్కిపడుతుందో తెలుస్తుంది. పందెపు గుర్రాలు కండ మారి కొత్త ఆకారానికి వచ్చే కొద్దీ జీను కూడా మార్చవలసి రావచ్చు. ఎంత సరిగా కూర్చున్నా జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారుతుంటే అది వెనుక కాలిలో బయటకు కనపడని కుంటుకు గుర్తు కావచ్చు. అటువంటప్పుడు స్వారీ ఆపి పశువైద్యులకు చూపించండి.

ప్రశ్న: అయ్యా, మాది పాడేరు దగ్గర కొండ మీది ఊరు. రోడ్డు లేని దారుల్లో సంతకు సరుకు మోయడానికి మాకు గుర్రాలే ఆధారం. తిరుగు ప్రయాణంలో జీను లేకుండా, గోనెపట్టా వేసి, తాడు కళ్లెంతో ఎక్కుతాము. ఎటు పోవాలనుకుంటే అటు ఒళ్లు తిప్పితే చాలు, గుర్రం తిరుగుతుంది. ఒక పక్క మూట బరువైతే కూడా అది ఆ పక్కకే లాగుతుంది. ఇవన్నీ మేము ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మేము చేసేది సరైన పద్ధతేనా? (ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. పట్నంలోని శిక్షణా కేంద్రాలలో డబ్బు కట్టి నేర్చుకునేవారికి నెలల తరబడి చిక్కని సంగతి మీకు దైనందిన జీవితంలో అందింది. ప్రాచీన గ్రీకు ఆశ్విక దళాలకు రికాబులు తెలియవు. జంట రికాబులు చైనాలో క్రీస్తుశకం 4వ శతాబ్దం నాటికి వాడుకలోకి వచ్చి, అక్కడి నుంచి పడమరకు వ్యాపించాయి. అంతకు ముందు యుద్ధం చేసిన రౌతులంతా మీ వలెనే తొడల పట్టుతో, ఒంటి సమతూకంతో గుర్రాన్ని నడిపినవారే. మూట విషయంలో మీరు గమనించినది కూడా ఈ శీర్షికలో నేను పైన చెప్పినదానికి చక్కని నిదర్శనం. రౌతు బరువుకూ సరుకు బరువుకూ గుర్రం వీపు తేడా చూడదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. జీను చట్రం చేసే ప్రధానమైన పని రౌతు బరువును వెన్నెముకకు ఇరువైపులా పరచడం. జీను లేనప్పుడు మన కూర్చునే ఎముకలు రెండూ కొద్దిపాటి చోటులోనే నొక్కుతాయి. అప్పటికే సరుకు మోసి అలసిన వీపు మీద ఇది పుండుకు దారితీస్తుంది. గోనెపట్టాను మందంగా మడిచి, వెన్నెముక మీద కాకుండా దానికి రెండు పక్కలా రెండు చుట్టలుగా వచ్చేటట్టు కుట్టించుకోండి. మధ్యలో వెన్నుకు గాలి ఆడే సందు ఉండాలి. ఏటవాలు దిగేటప్పుడు దిగి నడవండి. ఇరువైపులా మూటలను బయలుదేరే ముందే తూచి సమం చేయండి, ఒక పక్కకు లాగుతూ కిలోమీటర్ల కొద్దీ నడిచే గుర్రానికి ఆ వైపు కాళ్ల కీళ్లు దెబ్బతింటాయి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాము. మా అమ్మాయి వెస్టర్న్ స్వారీ నేర్చుకుంటోంది. అక్కడ పగ్గాలు రెండూ ఒకే చేతిలో పట్టుకుంటారు. సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు రెండు చేతులతో పట్టమన్నారు. అమ్మాయి అయోమయంలో పడింది. (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: పగ్గం పట్టే తీరు మారుతుంది, సీటు మారదు. వెస్టర్న్ పద్ధతిలో బయటివైపు పగ్గం మెడకు తాకగానే గుర్రం దాని నుంచి తప్పుకుని తిరగడం నేర్చుకుని ఉంటుంది. పోలోలో కూడా ఇదే పద్ధతి. ఆ ఆటలో కర్రను కుడిచేతనే పట్టాలన్న నియమం ఉంది గనుక పగ్గాలన్నీ ఎడమచేతికే వస్తాయి, దౌడులో తిప్పవలసిన పని ఎక్కువ భాగం సీటు మీద పడుతుంది. మీ అమ్మాయి టెక్సాస్‌లో నేర్చుకున్న సీటును హైదరాబాద్‌లో కూడా అలాగే ఉంచుకుని, ఆ ఊరి గుర్రానికి తెలిసిన పగ్గం భాషను మాత్రం శిక్షకులను అడిగి తెలుసుకుంటే చాలు.

ప్రశ్న: సీటుతో తిప్పడాన్ని సాధన చేయడానికి మంచి అభ్యాసం ఏదైనా చెప్పండి. తిరగవలసిన వైపు చూస్తే చాలని కొందరంటారు, నిజమేనా? (పలువురు పాఠకులు)

జవాబు: చూపు మొదలు మాత్రమే. మనిషి తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది. తల వంచి గుర్రం చెవుల వైపో, నేల వైపో చూస్తే ఆ బరువు ముందుకు పడి, మీరు తేలిక చేయాలనుకున్న ముందు కాళ్ల మీదే చేరుతుంది. కనుక తల ఎత్తి చూడడం అవసరం. కాని మెడను మాత్రమే తిప్పి, మొండేన్ని తిప్పకుండా వదిలివేస్తే గుర్రానికి తెలిసేది ఏమీ ఉండదు.

అభ్యాసానికి నాకు నచ్చినది చతురస్రం. 20 మీటర్ల వెడల్పున్న మైదానంలో నాలుగు మూలలా నాలుగు కోన్లు పెట్టి, గుండ్రంగా కాక తిన్నగా నడుస్తూ, ప్రతి కోన్ దగ్గర నాలుగైదు అడుగులలో మలుపు ముగించండి. వలయంలో సీటు లోపాలు దాగిపోతాయి, ఎందుకంటే గుర్రం అలవాటుగా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. చతురస్రంలో ఎక్కడ తిప్పాలో, ఎక్కడ నిలపాలో మీరు తేల్చుకోవలసి వస్తుంది. మలుపు ముగిసిన వెంటనే బరువును రెండు బుడిపెల మీదా సమం చేయడం చాలామంది మరచిపోతారు. అలా మరచిపోయిన వారి గుర్రం తరువాతి గీత అంతా లోపలికి వాలుతూనే పోతుంది. ఇది నడకలో కుదిరాక పగ్గాలు రెండూ ఒక చేతిలోకి తీసుకుని, రెండవ చేతిని తొడ మీద పెట్టుకుని అదే చేయండి. చేయి సాయం లేనప్పుడు సీటు ఎంతవరకు వచ్చిందో దాపరికం లేకుండా తెలుస్తుంది.

వీలున్నవారు శిక్షకుల చేత లాంజ్ తాడు (శిక్షకులు మధ్యలో నిలబడి గుర్రాన్ని తమ చుట్టూ తిప్పే పొడవాటి తాడు) మీద పాఠాలు చెప్పించుకోవాలి. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్తగా చేరినవారికి ఈనాటికీ మొదట నేర్పేది తాడు మీద, రికాబులు, పగ్గాలు లేకుండా కూర్చోవడమే. మన దగ్గర దీనిని చిన్నపిల్లల పాఠంగా భావించి తొందరగా దాటవేస్తున్నారు. ఈ పద్ధతి మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఎంత ప్రయత్నించినా ఒక వైపు బాగా వచ్చి, రెండవ వైపు రాకపోతే రికాబు పట్టీలను విప్పి పక్కపక్కన పెట్టి కొలవండి. మనం ఎప్పుడూ ఎడమవైపు నుంచే ఎక్కుతాము కాబట్టి ఎడమ పట్టీ సాగి పొడవవుతుంది, రంధ్రాల లెక్క రెండు వైపులా ఒకటే ఉన్నా రౌతు ఒక పక్కకు వాలి కూర్చుంటాడు. ఒకటి రెండు నెలలకు ఒకసారి పట్టీలను అటుదిటు మార్చుకోండి, ఎక్కడానికి వీలైనప్పుడల్లా ఎత్తైన దిమ్మె వాడండి.